వడ్డించేవాడు టవర్ అయితే...

“అన్నా, సిగ్నల్ ఫుల్లు. పైన 5జీ అని కూడా ఉంది. కానీ ఒక్క ఫొటో పోవట్లేదు. ఫోన్ మార్చాలా, సిమ్ మార్చాలా?”

ఈ కాలమ్‌కి ఎప్పుడూ వచ్చే ప్రశ్న ఇదే. పరీక్షలప్పుడు హాస్టళ్ల నుంచి, ఐపీఎల్ అప్పుడు ఉప్పల్ నుంచి, జాతరప్పుడు ములుగు వైపు నుంచి వస్తుంది. ఊరు మారుతుంది గానీ ప్రశ్న మారదు. నా జవాబూ మారదు. రెండూ మార్చకండి. ముందు ఆ గీతలు ఏం చెబుతున్నాయో, ఏం చెప్పట్లేదో చూద్దాం.

గీతలు చెప్పేది ఒక్కటే: టవర్ గొంతు మీ ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందన్నది. ఆ టవర్ కింద ఇంకా ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమంది రీల్స్ చూస్తున్నారో గీతలకి తెలీదు. పెళ్లి భోజనాల హాలు గుమ్మం దగ్గర నిలబడితే గారెల వాసన గుప్పుమంటుంది. లోపల కుర్చీ ఖాళీగా ఉందో లేదో వాసన చెప్పదు కదా!

ఇంకో మెలిక కూడా ఉంది. టవర్ మాట మీకు వినపడటం వేరు, మీ మాట టవర్‌కి వినపడటం వేరు. టవర్ పదుల వాట్ల పవర్‌తో మాట్లాడుతుంది. మీ ఫోన్ మామూలుగా ఎంత గట్టిగా అరిచినా 200 మిల్లీవాట్లు, అంటే ఒక వాటులో అయిదో వంతు. మైకు పట్టుకున్న పంతులుగారి మంత్రం పందిరంతా వినిపిస్తుంది. చివరి వరసలో పెద్దాయన మంచినీళ్లడిగితే ఎవరికీ వినపడదు. గీతలు కొలిచేది మైకు శబ్దాన్ని. ఫొటో పంపాలంటే కావాల్సింది పెద్దాయన గొంతు.

ఎలాగూ పెళ్లిలోకి వచ్చేశాం కాబట్టి కాసేపు అక్కడే ఉందాం. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదని సామెత. టవర్‌లో కూడా ఒక వడ్డించేవాడున్నాడు. ఇంజినీర్లు వాడిని షెడ్యూలర్ అంటారు. మనిషి కాదు, సాఫ్ట్‌వేర్. 4జీలో 20 మెగాహెర్ట్జ్ చానెల్ ఉందనుకోండి, దాన్ని 100 ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరికో మిల్లీసెకనుకోసారి తేలుస్తాడు. అంటే సెకనుకి వెయ్యిసార్లు. మీరు కన్ను మూసి తెరిచేలోపు వందసార్లకు పైగా వడ్డన జరిగిపోతుంది. 5జీలో విస్తళ్లు పెద్దవి, చెయ్యి ఇంకా చురుకు: మన దగ్గర ఎక్కువగా వాడే 3500 మెగాహెర్ట్జ్ బ్యాండులో అర మిల్లీసెకనుకోసారి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఆ వంద ముక్కలూ మీవి కావు. ఆ సెక్టారులో ఉన్న అందరివీ కలిపి వంద. అలాంటి 4జీ చానెల్ నుంచి రెండేసి యాంటెన్నాలతో వచ్చే గరిష్ఠ వేగం దాదాపు 150 ఎంబీపీఎస్ అని పుస్తకాల్లో రాస్తారు. అది ఒక్కడే కూర్చుని, అదీ వంటింటి పక్కనే కూర్చుని తింటే దక్కే లెక్క. అదే సమయంలో 200 మంది వీడియో పెట్టారనుకోండి. భాగిస్తే మనిషికి 0.75 ఎంబీపీఎస్. అది కూడా అందరూ టవర్‌కి ఎదురుగా నిలబడితేనే. నిజంగా దక్కేది అంతకన్నా తక్కువ.

ఎందుకు తక్కువంటే, అందరి ముక్కా ఒకటి కాదు. టవర్ బాగా కనిపించే చోట ఉన్నవాడికి ఒక్కో సంకేతం మీద ఆరు బిట్లు ఎక్కించి పంపొచ్చు. అపార్ట్‌మెంటులో నాలుగు గోడల వెనకున్నవాడికి అన్ని ఎక్కిస్తే దారిలోనే చెదిరిపోతాయి. అందుకని రెండే ఎక్కిస్తుంది. అంటే అదే పాట డౌన్‌లోడ్ చేసుకోవడానికి లోపలివాడు బయటివాడి కంటే మూడింతల ముక్కలు తినేస్తాడు. పాపం, వాడి తప్పేం లేదు. కానీ లెక్క అది.

ఇక్కడ వడ్డించేవాడికి ధర్మసంకటం. వంటింటి దగ్గర కూర్చున్నవాళ్లకే పెడితే గంటలో ఎక్కువ విస్తళ్లు నిండుతాయి, దూరంగా ఉన్నవాళ్లు పస్తుంటారు. అందరికీ కచ్చితంగా సమానంగా పెట్టాలంటే దూరపువాళ్ల కోసం హాలంతా ఆగాలి. కేంబ్రిడ్జి గణిత శాస్త్రవేత్త ఫ్రాంక్ కెల్లీ 1997లో దీనికి మధ్యేమార్గం లాంటి ఒక న్యాయాన్ని లెక్కల్లో పెట్టారు. డేవిడ్ ట్సే అనే పరిశోధకుడు దాన్ని ఫోన్ నెట్‌వర్కులకి పనికొచ్చేలా మలిచారు. సూత్రం చాలా సింపుల్: ఇప్పుడు వీడికి పెడితే ఎంత చేరుతుంది, ఇప్పటిదాకా వీడికి ఎంత చేరింది? మొదటిదాన్ని రెండోదాంతో భాగించు, ఎవరిది ఎక్కువొస్తే వాడికి పెట్టు. చాలాసేపటి నుంచి ఏమీ దక్కనివాడి నంబరు తనంతట తానే పెరుగుతూ పోతుంది. ఏదో ఒక క్షణంలో వంతు వస్తుంది. నాకైతే ఈ లెక్క భలే నచ్చుతుంది. మన పెళ్లిళ్లలో వడ్డించే కుర్రాళ్లకి కూడా నేర్పించాలి. నెయ్యి ఎప్పుడూ మొదటి పది మందితోనే అయిపోతుంది.

ఇది రోజూ జరిగే కథ. రాత్రి పది గంటల హాస్టల్ సంగతి చూడండి. స్పీడ్ టెస్ట్ పెడితే అంకె బాగానే వస్తుంది, గేమ్ పెడితే మాత్రం పింగ్ 40 నుంచి 400కి ఎగిరి శత్రువు కనపడేలోపే మీ పని అయిపోతుంది. అదెలాగంటే, మీకు వచ్చే డేటా టవర్ దగ్గర ఒక క్యూలో ఆగుతుంది. సాధారణంగా ఒక్కో ఫోన్‌కి ఒక్కో క్యూ. రద్దీ పెరిగితే ఆ క్యూ కదలడం నెమ్మదిస్తుంది. డేటా పోగొట్టకూడదని కంపెనీలు ఆ క్యూలని బాగా పొడుగ్గా పెట్టాయి. ఈ జబ్బుకి జిమ్ గెటిస్ అనే ఇంజినీరు పెట్టిన పేరు బఫర్‌బ్లోట్, అంటే గోదాము ఉబ్బిపోవడం. మీ గేమ్ పాకెట్ చిన్నదే. కానీ దాని ముందు మీ ఫోనే తెప్పించుకుంటున్న యాప్ అప్‌డేట్, గ్రూపులో పడ్డ పెళ్లి వీడియోల ఆటో డౌన్‌లోడ్ నిలబడి ఉంటాయి. అంటే చాలాసార్లు మీ క్యూకి అడ్డం నిలబడింది పక్క రూమువాడు కాదు, మీరే. అప్‌డేట్లన్నీ వైఫై ఉన్నప్పుడే అని సెట్టింగ్ పెట్టి చూడండి. టవర్ రద్దీ తగ్గదు, మీ క్యూ మాత్రం తగ్గుతుంది.

హాస్టల్ రద్దీకి పోయేది ఒక మ్యాచ్. జాతర రద్దీ అలా కాదు.

మేడారం తీసుకోండి. ములుగు జిల్లా అడవిలో చిన్న ఊరు. రెండేళ్లకోసారి సమ్మక్క సారలమ్మ జాతరకి నాలుగు రోజుల్లో లక్షల మంది దిగుతారు. అక్కడ ఇబ్బంది వడ్డన దాకా కూడా పోదు, గుమ్మం దగ్గరే మొదలవుతుంది. ఫోన్ టవర్‌తో మాట్లాడాలంటే ముందు “నేనున్నాను” అని చెయ్యెత్తాలి. 4జీలో ఆ చెయ్యెత్తడానికి ఒక్కో సెల్‌కి 64 రకాల సంకేతాలున్నాయి. వాటిలో కొన్ని ఒక సెల్ నుంచి ఇంకో సెల్‌కి మారే ఫోన్ల కోసం పక్కన పెడతారు. మిగతావాటిలో ఏదో ఒకటి మీ ఫోన్ చీటీ తీసినట్టు ఎంచుకుంటుంది. అదే క్షణంలో ఇంకో ఫోన్ కూడా అదే చీటీ తీసిందా, ఇద్దరి మాటా కలగాపులగమైపోతుంది. కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. పదిమంది ఉంటే ఇబ్బంది లేదు. వేల ఫోన్లు ఒకేసారి చెయ్యెత్తితే ఎవరి చెయ్యీ కనపడదు. ఐదు గీతలూ నిండుగానే ఉంటాయి, మీరు మాత్రం ఇంకా గుమ్మం బయటే ఉంటారు.

ఒక జాతరలో బెల్లం అమ్మే అవ్వ దగ్గర చాలాసేపు నిలబడి చూశాను. అమ్మవార్లకి బంగారం అని ఇచ్చేది ఆ బెల్లమే కాబట్టి కొట్టు ముందు జనం ఆగట్లేదు. ఒక కుర్రాడు క్యూఆర్ స్కాన్ చేశాడు. వాడి ఫోన్‌లో చక్రం తిరిగి తిరిగి చివరికి పచ్చ టిక్కు పడింది.

“పైసలు పోయినయ్ అవ్వా, చూడు.”

“డబ్బా మాట్లాడలే గదా బిడ్డా.”

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. డబ్బులు పడ్డాయని పలికే ఆ సౌండ్ బాక్సులో కూడా ఒక సిమ్ ఉంటుంది. అది కూడా అదే గుమ్మం బయట, అదే చీటీల ఆటలో ఉంది. కుర్రాడి ఫోన్‌కి వంతు వచ్చింది, డబ్బాకి రాలేదు. వెనక జనం తోస్తున్నారు. అవ్వ ఒక్క క్షణం వాడి మొహం చూసి బెల్లం ఇచ్చేసింది. ఆ తర్వాత వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట: “నోట్లుంటెనే.” అలా వెనక్కి తిరిగిపోయినవాళ్లని నేను లెక్కపెట్టలేదు గానీ, చాలామందే. నెట్‌వర్క్ రద్దీ అంటే మనకి రీల్ ఆగిపోవడం. ఆమెకి అది రెండేళ్లకోసారి వచ్చే నాలుగు రోజుల బేరం.

ఇలాంటప్పుడు మన చేతులు ఊరుకోవు. ఏరోప్లేన్ మోడ్ ఆన్, ఆఫ్. మళ్లీ ఆన్, ఆఫ్. ఫోన్ రీస్టార్ట్. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు ఈ చిట్కా అప్పుడప్పుడు పనిచేస్తుంది, ఫోన్ ఇంకో మంచి సెల్‌ని పట్టుకుంటే. జనంలో మాత్రం, అలా చేసిన ప్రతిసారీ మీ ఫోన్ నెట్‌వర్కులో నుంచి పూర్తిగా బయటికెళ్లి మళ్లీ మొదటి గుమ్మం దగ్గర నిలబడుతుంది. పేరు రాయించుకోవాలి, సిమ్ అసలుదేనని నిరూపించుకోవాలి, అప్పుడు లోపలికి. ఇదంతా అదనపు రద్దీ. అందరూ అదే చేస్తే ఏమవుతుందో ఇంటర్నెట్ ఒకసారి గట్టిగా రుచి చూసింది.

1986 అక్టోబరులో అమెరికాలో లారెన్స్ బర్క్‌లీ లాబ్‌కీ, కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ క్యాంపస్‌కీ మధ్య లైను కుప్పకూలింది. రెండిటికీ దూరం 400 గజాలు. సెకనుకి 32 వేల బిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లు వెళ్లాయి. నలభై వేలు కాదండీ, నలభై. ఎవరూ తీగ తెంచలేదు. ఆలస్యమైన ప్రతి పాకెట్‌నీ పోయిందనుకుని కంప్యూటర్లు మళ్లీ పంపాయి, ఆ మళ్లీ పంపినవి ఇంకా ఆలస్యం చేశాయి, దాంతో మళ్లీ పంపాయి. అక్కడ పనిచేసే వాన్ జేకబ్సన్ దీన్ని తవ్వి 1988లో ఒక పరిష్కారం రాశారు. మెల్లగా మొదలుపెట్టు, దారి ఖాళీగా ఉంటే పెంచు, ఏదైనా పోయిందని అనుమానం రాగానే వేగం బాగా తగ్గించెయ్. ఆయన ఆ పని చేసి ఉండకపోతే ఇవాళ మీరీ కాలమ్ చదివేవారు కాదు. మన ఫోన్లలోని ఇంటర్నెట్‌కి ఆ మర్యాద వచ్చేసింది. మన బొటనవేళ్లకి ఇంకా రాలేదు.

సరే, నిజంగా అవసరం పడితే? జనంలో నానమ్మ చెయ్యి వదిలేసింది, లేదా ఎవరో కళ్లు తిరిగి పడిపోయారు. 2015 గోదావరి పుష్కరాల మొదటిరోజే రాజమహేంద్రవరం ఘాట్ దగ్గర తొక్కిసలాటలో ఇరవై మందికి పైగా చనిపోయారు. అలాంటి చోట ఫోన్ అంటే టైంపాస్ కాదు. అందుకే టవర్ వడ్డనలో ఏది ముందో, ఏది వెనకో తెలిసి ఉండాలి.

వాట్సాప్ కాల్ చెయ్యకండి. మామూలు కాల్ చెయ్యండి. రెండూ మాటలే కదా అనిపిస్తుంది. టవర్‌కి మాత్రం వాట్సాప్ కాల్ అంటే డేటా. రీల్స్ వెనక అదే క్యూలో నిలబడుతుంది. మామూలు కాల్, అంటే వోల్టే, వేరే బంతి. దానికి కనీస వేగం కేటాయించి, సాధారణ డేటా కన్నా ముందు వడ్డిస్తారు. పైగా అది తినేది చాలా తక్కువ: గొంతుకి సెకనుకి పాతిక కిలోబిట్లలోపు చాలు. ఒక హెచ్‌డీ వీడియో ఆపితే వంద మంది మాట్లాడుకోవచ్చన్నమాట.

కాల్ కలవకపోతే ఎస్సెమ్మెస్. ఓటీపీలకి తప్ప ఎందుకూ పనికిరాదని మనం పక్కన పడేసిన ఎస్సెమ్మెస్ ఇలాంటప్పుడు బంగారం. 140 బైట్ల చీటీ అది. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు, తెలుగులో 70. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కేస్తారు కాబట్టి నిజానికి ఇంకా తక్కువే పడతాయి. అది డేటా దారిలో కాకుండా సిగ్నలింగ్ దారిలో వెళ్తుంది. ఇంకా మంచి విషయం, ఒకసారి మీ ఫోన్ దాటిందంటే అవతలివాళ్లు దొరికేదాకా దాచిపెట్టి మళ్లీ మళ్లీ ప్రయత్నించే పని నెట్‌వర్కుదే, మీది కాదు. “నానమ్మ 3వ గేట్ దగ్గర ఉంది” అని కొట్టి పంపి, ఫోన్ జేబులో పెట్టుకోండి.

ప్రాణం మీదికొస్తే 112. దీనికి వేరే లెక్క. రద్దీ మరీ ఎక్కువైతే టవర్ “కొంతమంది కాసేపు చెయ్యెత్తొద్దు” అని ప్రకటించగలదు. ప్రతి సిమ్‌లోనూ సున్నా నుంచి తొమ్మిది దాకా ఒక తరగతి నంబరు రాసి ఉంటుంది. మనలాంటి మామూలు జనానికి అది ఇష్టమొచ్చినట్టు పంచిందే, డబ్బుతో సంబంధం లేదు. 11 నుంచి 15 దాకా ఉన్న తరగతులు భద్రతా సిబ్బందికి, అత్యవసర సేవలకి, నెట్‌వర్క్ సిబ్బందికి ప్రమాణాల్లో పక్కన పెట్టారు. 4జీలో అయితే ఫోన్ లోపల చిన్న లాటరీ కూడా జరుగుతుంది. టవర్ చెప్పిన అంకె కంటే మీ చీటీ తక్కువ వస్తే వెళ్లొచ్చు, లేకపోతే కొన్ని సెకన్లు ఆగాలి. 112కి మాత్రం పదో తరగతి అని ప్రత్యేక ద్వారం. మిగతావాళ్లని ఆపినా దాన్ని తెరిచి ఉంచొచ్చు. మీ కంపెనీ సిగ్నల్ లేకపోతే పక్క కంపెనీ టవర్ మీదుగా వెళ్లే ఏర్పాటూ ఉంది. స్క్రీన్ మీద ‘ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ’ అని కనిపిస్తే అర్థం అదే.

2023లో ప్రభుత్వం టెస్టింగ్ అంటూ పంపిన అలర్ట్ గుర్తుందా? ఫోన్లన్నీ ఒక్కసారి కుయ్యోమని అరిస్తే ఆఫీసుల్లో జనం ఉలిక్కిపడ్డారు. అది ఎస్సెమ్మెస్ కాదు, సెల్ బ్రాడ్‌కాస్ట్. టవర్ ఒక్కసారే పలుకుతుంది, కింద ఎంతమంది ఉన్నా అందరూ వింటారు. పదిమంది విన్నా పది లక్షల మంది విన్నా టవర్‌కి అదే శ్రమ. రద్దీ అనేదే అంటని దారి అది. తుపానుకి, వరదకి ఇంతకన్నా మంచి గంట లేదు. కాబట్టి చిరాకొస్తోందని సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఆఫ్ చేసినవాళ్లు దయచేసి మళ్లీ ఆన్ చేసుకోండి.

‘ఇంకో పది టవర్లు వేస్తే పోలా?’ అంటారు. వేస్తారు కూడా. పెద్ద జాతరలకి ట్రక్కు మీద కట్టిన టవర్లు వస్తాయి, సెల్ ఆన్ వీల్స్ అంటారు. కానీ ఒకే ఫ్రీక్వెన్సీ మీద పక్కపక్కనే రెండు టవర్లు గట్టిగా మాట్లాడితే ఒకరి మాట ఇంకొకరికి గోల. అందుకని స్టేడియాల్లో యాంటెన్నాలు చిన్నవి చేసి, తలలు కిందికి దించి, ఒక్కో స్టాండుకి ఒక్కో ముక్కగా పంచుతారు. వాటి వెనక ఫైబర్ కూడా ఉండాలి. అడవిలో ట్రక్కు నిలబెట్టడం తేలిక, దాని వెనక లావు పైపు వెయ్యడం కష్టం. నాలుగు రోజుల జనం కోసం రెండేళ్లూ ఉండేంత నెట్‌వర్కు ఏ కంపెనీ కట్టదు. కట్టమనడం కూడా న్యాయం కాదు, ఆ ఖర్చు చివరికి మన రీచార్జ్‌లోనే పడుతుంది.

అంటే ఎంత చేసినా కొన్ని రోజులు, కొన్ని చోట్ల ఎవరో ఒకరు ఆగక తప్పదు. ఎవరు ఆగాలి? నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించే ప్రశ్న ఇది. దీనికి లెక్కల మాస్టార్లు జవాబు చెప్పలేరు.

2020లో మన దగ్గర ఇది బయటపడింది. వొడాఫోన్ ఐడియా రెడ్‌ఎక్స్ అని, ఎయిర్‌టెల్ ప్లాటినం అని ఎక్కువ బిల్లు కట్టే కస్టమర్లకి ఎక్కువ స్పీడు, ప్రాధాన్యం ఇస్తామన్నాయి. జూలైలో ట్రాయ్ ఆ రెండిటినీ ఆపమని చెప్పి అడిగింది ఏంటంటే, వీళ్లకి ముందు పెడితే మిగతా కస్టమర్ల సర్వీసు తగ్గదా అని. గొడవ ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. విమానంలో బిజినెస్ క్లాస్ లేదా, రైల్లో ఏసీ లేదా అని అప్పట్లో చాలామంది వాదించారు. నాకు ఆ పోలిక అతకదు. ఏసీ బోగీ ఎక్కినవాడి వల్ల స్లీపర్ బోగీలో బెర్తులు తగ్గిపోవు. టవర్ కింద ఆ వంద ముక్కలే ఉన్నాయి. ఒకరికి ముందు పెట్టామంటే ఇంకొకరికి వెనక పెట్టినట్టే. పైగా ఆ గాలి తరంగాలు కంపెనీ సొంతం కాదు, ప్రభుత్వం వేలంలో కొన్నేళ్లకి వాడుకోమని ఇచ్చిన ప్రజల ఆస్తి.

డబ్బుని బట్టి వడ్డిస్తే ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే 2018 కాలిఫోర్నియా చూడండి. మెండొసీనో కాంప్లెక్స్ అనే కార్చిచ్చు తగలబడుతోంది. శాంటా క్లారా కౌంటీ అగ్నిమాపక శాఖ ఒక వాహనాన్ని కమాండ్ సెంటర్‌లా వాడుతోంది. ఏ ఫైరింజన్ ఎక్కడికెళ్లాలో అక్కడి నుంచే ఇంటర్నెట్ మీద నడుస్తోంది. అన్‌లిమిటెడ్ అని కొన్న ప్లాన్‌లో డేటా పరిమితి దాటిందని వెరిజాన్ వేగాన్ని రెండు వందలో వంతుకి దించేసింది. తీసెయ్యమని అడిగితే, ఇంకా ఖరీదైన ప్లాన్‌కి మారమన్నారు. సిబ్బంది సొంత ఫోన్లతో నెట్టుకొచ్చారు. అత్యవసరమని అడిగినప్పుడు ఆ పరిమితి తీసెయ్యాల్సింది, కస్టమర్ సర్వీసులో పొరపాటు జరిగిందని తర్వాత కంపెనీ ఒప్పుకుంది. ఇందులో గమనించాల్సిన సంగతి, ఆ కోత టవర్ దగ్గర రద్దీ చూసి పెట్టింది కాదు, బిల్లు చూసి పెట్టింది.

ఇప్పుడు 5జీలో స్లైసింగ్ వచ్చింది. ఒకే టవర్‌ని లోపల అడ్డంగా కోసి, ఈ ముక్క అంబులెన్సులకి, ఈ ముక్క ఇళ్లలో వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండ్‌కి, ఈ ముక్క మిగతా అందరికీ అని పంచొచ్చు. అంబులెన్సుకో, పోలీసు కంట్రోల్ రూముకో ముక్క పక్కన పెడితే నేను రెండు చేతులూ ఎత్తి సరే అంటాను. నా రీల్ ఆగినా పర్లేదు. గేమింగ్ ప్యాక్ కొన్నవాడికి స్టేడియంలో ముందు బంతి అంటే మాత్రం ఒప్పుకోను. మన దేశంలో నెట్ న్యూట్రాలిటీ నిబంధనలు 2018 నుంచీ ఉన్నాయి. అవి ప్రధానంగా ఒక యాప్‌కీ ఇంకో యాప్‌కీ మధ్య తేడా చూపొద్దని చెబుతాయి. ఒక కస్టమర్‌కీ ఇంకో కస్టమర్‌కీ మధ్య తేడా సంగతి అంత స్పష్టంగా లేదు. రెడ్‌ఎక్స్ గొడవ వచ్చిందే ఆ సందులో. స్లైసింగ్ కూడా వచ్చేది ఆ సందులోంచే.

2027లో గోదావరి పుష్కరాలున్నాయి. ఎన్ని తాత్కాలిక టవర్లు వేశామో, ఎన్ని ట్రక్కులు దించామో కంపెనీలు ఫొటోలతో సహా చెబుతాయి, అధికారులూ చెబుతారు. నేను చూడాలనుకునే అంకె వేరే ఉంది. ఆ రోజు ఘాట్ల దగ్గర నుంచి 112కి చేసిన కాల్స్ ఎన్ని, అందులో మొదటిసారికే కలిసినవి ఎన్ని? రోజూ సాయంత్రం హారతి టైముకి ఆ రెండు అంకెలూ కంట్రోల్ రూము బయట బోర్డు మీద రాయమని అడగాలి. అడగడానికి ఇంకా టైముంది.